జెర్బీ పేరు తీసేయడం న్యాయమేనా? పాత పతకాల సంగతి ఏమిటి?

రాగిదుడ్డు (చర్చ మొదలుపెట్టినవారు):

విషయం తెలియనివారి కోసం ముందు నాలుగు ముక్కలు. అమెరికా నాణేల సేకర్తల సంఘం 1891లో పుట్టింది. ఆ సంఘం ఇచ్చే అత్యున్నత సేవా పురస్కారానికి 1951 నుంచి ఫారన్ జెర్బీ అనే పాత అధ్యక్షుడి పేరు ఉండేది. డెబ్బై ఏళ్ల తర్వాత, 2021లో, ఆ పేరు తీసేసి చెస్టర్ క్రౌజ్ పేరు పెట్టారు. నాణెం చేతికి రాగానే "కేఎం నంబరు (నాణేల జాబితా గ్రంథంలో దానికి ఇచ్చిన సంఖ్య) ఎంత?" అని అడుగుతాం కదా, అందులో "కే" ఈ క్రౌజ్‌దే, "ఎం" ఆయన సహచరుడు మిష్లర్‌ది.

జెర్బీ మీద అభియోగాలు పాతవే. సంఘాన్ని స్థాపించిన జార్జ్ హీత్ మిషిగన్‌లోని మన్రో అనే ఊళ్లో డాక్టరు. 1888 నుంచి సొంతంగా ఒక పత్రిక నడిపారు. సభ్యులందరినీ కలిపి ఉంచింది ఆ పత్రికే. 1908లో హీత్ పోయాక, సంఘం అధ్యక్షుడుగా ఉన్న జెర్బీ దాన్ని తన పేర కొనుక్కున్నారు. మాంట్రియల్‌కు చెందిన విల్సన్ అనే సభ్యుడు తర్వాత దాన్ని కొని కానుకగా ఇచ్చేదాకా అది సంఘం చేతికి రాలేదు. అంతకుముందు 1904లో, సెయింట్ లూయీ ప్రదర్శన కోసం ముద్రించిన రెండున్నర లక్షల బంగారు డాలర్ల అమ్మకం కూడా జెర్బీ చేతిమీదుగానే జరిగింది. డాలరు నాణేన్ని 3 డాలర్లకు అమ్మారు. సుమారు 35 వేలు అమ్ముడయ్యాయి, మిగిలినవి కరిగించేశారు.

పేరు తీసేయడం సరైన పని అని నా అభిప్రాయం. ఇంకా ముందే చేసి ఉండాల్సింది. గుడి ధర్మకర్త మాన్యాన్ని తన పేర రాయించుకుంటే, ఆ గుడి ముఖద్వారం మీద ఆయన పేరు ఉంచుతామా?

వెండిరూపాయి:

రాగిదుడ్డు గారూ, మాన్యంతో పోలిక కుదరదండీ. ఆ పత్రిక హీత్ సొంతం. వారసులు అమ్మారు, జెర్బీ కొన్నారు. కొని మూసేయలేదు, నడిపారు. సంఘానికి అప్పుడే కొనే ఉద్దేశం ఉంటే ముందుకు రావలసింది.

ఆయన చేసిన మేలు మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక, శాంతికి గుర్తుగా ఒక నాణెం రావాలని 1920 షికాగో సమావేశంలో ప్రతిపాదించింది జెర్బీయే. ఆ ప్రతిపాదనే 1921 డిసెంబరులో పీస్ డాలరు అయింది. నా దగ్గర ఆ మొదటి ఏడాది నాణెం ఒకటి ఉంది. దీపం వెలుతురు పక్కనుంచి పడేలా పట్టుకుంటే స్వేచ్ఛాదేవి ముఖం ఎంత ఎత్తుగా లేచి కనిపిస్తుందో చెప్పలేను. ఆ ఎత్తు వల్లే ముద్ర నిండుగా పడక, చెవి దగ్గరి జుట్టు చదునుగా ఉండిపోయింది. మరుసటి ఏడే ఎత్తు తగ్గించేశారు. ఆ నాణేన్ని చూసిన ప్రతిసారీ ఆ మనిషికి మనసులో దండం పెట్టుకుంటాను.

ఇక 3 డాలర్ల సంగతి. మన టంకశాలలు స్మారక నాణేలను ముఖ విలువకు ఎన్నో రెట్లు పెట్టి అమ్మడం లేదా? మనం కొనడం లేదా? 1949లో కన్నుమూసిన మనిషి ఇప్పుడు లేచి వచ్చి జవాబు చెప్పుకోలేడు. అది కూడా చూడాలి.

తూనికరాళ్లు:

అసలు పురస్కారాలకు మనుషుల పేర్లు పెట్టడం దగ్గరే తప్పు మొదలైంది. లండన్‌లోని రాయల్ న్యూమిస్మాటిక్ సొసైటీ 1883 నుంచి పతకం ఇస్తోంది. మొదటిది చార్లెస్ రోచ్ స్మిత్‌కు ఇచ్చారు. దాన్ని సంఘం పతకం అనే అంటారు తప్ప ఫలానావారి పతకం అనరు. అందుకే అక్కడ పేరు మార్చాల్సిన అవసరమే రాదు.

వెండిరూపాయి:

తూనికరాళ్లు గారూ, అలా అయితే మన దేశపు సంఘం ఇచ్చే నెల్సన్ రైట్ పతకం మాటేమిటి? ఆయన తెల్లదొరల కాలపు ఐసీఎస్ అధికారి. అయినా ఢిల్లీ సుల్తానుల టంకాల తూకాలు, లోహపు పాళ్లు మనం నేర్చుకున్నది 1936లో వచ్చిన ఆయన గ్రంథం చూసే. ఆ పేరు కనిపిస్తేనే కదా, ఎవరీయన అని కొత్తవాళ్లు అడుగుతారు? ఒట్టి "సంఘం పతకం" అంటే ఎవరూ ఏమీ అడగరు.

మిషిగన్‌తెలుగు:

నేను మన్రోకు గంట ప్రయాణం దూరంలో ఉంటాను. పేరు మార్పును నేను సమర్థిస్తాను, కానీ ఒక్క చిక్కు ఉంది. క్రౌజ్ తన మొదటి పత్రికను విస్కాన్సిన్‌లోని ఐయోలా అనే చిన్న ఊళ్లో 1952లో మొదలుపెట్టారు. జెర్బీ పురస్కారం మొదలైంది 1951లో. అప్పటికి ఈ రంగంలో క్రౌజ్ పేరు ఎవరికీ తెలియదు. మరి తొలి ఏళ్లలో పురస్కారం అందుకున్నవారిని ఇప్పుడు "క్రౌజ్ పురస్కార గ్రహీతలు" అని రాయవచ్చా? నాణేల మీద తేదీ ఒక్క అంకె మారితే అది నకిలీ అని పక్కన పెట్టే మనం, పతకాల విషయంలో ఈ మాట ఎందుకు అడగం?

రాగిదుడ్డు:

మంచి ప్రశ్న. నేను దీన్ని ఆలోచించలేదు. అయినా పురస్కారం ఒకటే కదా, పేరు మాత్రమే మారింది. వీధి పేరు మారితే పాత ఇళ్లకు కూడా కొత్త చిరునామాయే వస్తుంది.

చిన్నకాసు:

ఇన్నాళ్లూ చదువుతూ ఉండిపోయాను. ఇది మా ఇంట్లో జరిగిన విషయం కాబట్టి రాస్తున్నాను.

కోస్తాలోని మా ఊళ్లో ముప్పై మంది దాకా ఉండే ఒక చిన్న నాణేల సంఘం ఉండేది. పేరు చెప్పను. సంఘానికి డబ్బిచ్చిన ఒక పెద్దమనిషి పేర ఏటా పతకం ఇచ్చేవారు. మా నాన్నగారు ఆదివారాలు బడి పిల్లలను కూర్చోబెట్టి, పాత కానీలు, అణాలు చేతికిచ్చి చరిత్ర చెప్పేవారు. అందుకు 1994లో ఆయనకు పతకం ఇచ్చారు. అరచేతిలో సరిపోయే కంచు బిళ్ల. బొమ్మ వైపు దాత ముఖం, బొరుసు వైపు పూర్ణకుంభం. అంచు మీద నాన్న పేరు ఎవరో చేత్తో చెక్కారు. చోటు చాలక చివరి రెండక్షరాలు ఇరుక్కుపోయాయి.

నాలుగేళ్ల తర్వాత ఒక కుర్రవాడు కొత్తగా కొన్న విక్టోరియా వెండి రూపాయి తెచ్చి నాన్నకు చూపించాడు. నాన్న త్రాసులో పెట్టారు. 11.66 గ్రాములు తూగవలసింది 10.9 దగ్గర ఆగిపోయింది. భూతద్దంలో చూస్తే రాణి చెంప మీద సూదిమొన అంత గుంటలు, అంచు చుట్టూ సన్నని అతుకు గీత. పోతపోసిన నకిలీ. కుర్రవాడు దాన్ని కొన్నది ఆ దాత దగ్గరే. ఆరా తీస్తే ఇంకో పదకొండు మంది కొత్త సభ్యుల దగ్గర అలాంటివే బయటపడ్డాయి. మొదట ఫిర్యాదు రాసింది మా నాన్నే.

సంఘం దాత పేరు తీసేసింది. అది న్యాయం. తర్వాత ఒక ఉత్తరం వచ్చింది. పాత పతకాలు వెనక్కి పంపితే కరిగించి కొత్త పేరుతో పోయించి ఇస్తామని. నాన్న పంపలేదు. ఆ ఏడాది సంచికలో పాత గ్రహీతల జాబితా అంతా కొత్త పేరు కింద వేశారు. నాన్న పేరు పక్కన 1994 అని ఉంది, కానీ ఆ పేరుతో 1994లో పురస్కారమే లేదు. నాన్న రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. "వేదిక మీద దండ వేసింది ఆయన. నేను వంగి వేయించుకున్నాను. ఆయన మోసగాడని రాసిందీ నేనే. రెండూ జరిగాయి. నేను అందుకోని పతకం నాకు అంటగట్టడం ఏమిటి?" అన్నారు.

రాగిదుడ్డు గారూ, ఇంటికి కొత్త చిరునామా వస్తే ఇంట్లో ఉన్నవారికి నష్టం లేదు. పతకం అలా కాదండీ. అది ఫలానా రోజున, ఫలానావారి పేరుతో, ఫలానా మనిషికి ఇచ్చాం అని లోహం మీద పెట్టిన సంతకం. రేపటినుంచి ఇచ్చేదానికి పేరు మార్చండి, నేను చప్పట్లు కొడతాను. నిన్న ఇచ్చినదాన్ని నిన్నటి పేరుతోనే రాయండి, పక్కన కారణం కూడా రాయండి.

వెండిరూపాయి:

చిన్నకాసు గారూ, మీ నాన్నగారికి నమస్కారాలు. పేరు మార్చకూడదన్న నా వాదనను వెనక్కి తీసుకోను. కానీ జెర్బీ మీద ప్రశ్నలు అడిగినంత మాత్రాన ఆయన చేసిన మేలు చెరిగిపోదని ఇప్పుడు ఒప్పుకుంటాను. రెండూ పక్కపక్కన రాస్తే నాకు అభ్యంతరం లేదు.

రాగిదుడ్డు:

వీధి పోలిక వెనక్కి తీసుకుంటున్నాను. జాబితాల్లో పాత పేరు పాత పేరుగానే ఉండాలి. జెర్బీ పేరు తీసేయడం సరైనదే అన్న మాట మాత్రం నాది అలాగే ఉంది. చిన్నకాసు గారూ, మీరు ఇబ్బంది అనుకోకపోతే, ఆ పతకం ఇప్పుడు ఎక్కడ ఉంది?

చిన్నకాసు:

నా బల్ల మీదే ఉంది. ఒక చెక్కముక్కకు గాడి కోయించి అందులో నిలువుగా పెట్టాను. దాత ముఖం గోడ వైపు తిరిగి ఉంటుంది. అంచు పైకి ఉంటుంది, ఇరుక్కుపోయిన ఆ చివరి రెండక్షరాలతో సహా నాన్న పేరు చదవవచ్చు.