అమ్మ కత్తిపీట డల్లాస్‌కి ఎలా ప్యాక్ చేయాలి?

తెనాలి_తమ్ముడు:
అమ్మ వచ్చే నెల అక్క పురుటికి హైదరాబాద్ నుంచి దోహా మీదుగా డల్లాస్ వెళ్తోంది. ఏది వదిలేసినా కత్తిపీట మాత్రం పట్టుకెళ్తానంటోంది. పాతది, టేకు పీట, చివర కొబ్బరి కోరు ఉంది, మడత పడదు. చెక్-ఇన్‌లో పెడితే ఒప్పుకుంటారా? అమ్మకి ఇంగ్లిష్ రాదు. ఎవరైనా ఆపి అడిగితే ఎలా అని టెన్షన్‌గా ఉంది.

డల్లాస్_సుబ్బలక్ష్మి:
ఇక్కడ మంచి చాకులు దొరుకుతాయి బాబూ. ఆ బరువుకి రెండు కిలోల పచ్చళ్లు వస్తాయి, ఆలోచించండి.

జగిత్యాల_వడ్రంగి:
తమ్ముడూ, పంపించు. నేను రియాద్‌లో ఫర్నిచర్ పని చేస్తా. ఊరికి వచ్చి వెళ్లేటప్పుడల్లా ఉలులు, చేతి రంపం, చిత్రిక నా వెంటే ఉంటాయి. సుబ్బలక్ష్మి గారూ, చాకులు దొరుకుతాయి, నిజమే. కానీ పీట మీద కాలు వేసి కూర్చుని, రెండు చేతులతో కాయని కత్తికి ఆనించి కోసిన పెద్దావిడకి, నిలబడి చాకుతో తరగడం కొత్త పని. పురిటింట్లో అదంతా కొత్తగా నేర్చుకోవాలా?

పదునున్నది ఏదీ చేతి సంచిలో వద్దు. అమెరికా రూల్ ప్రకారం మధ్య మర దగ్గర్నుంచి మొనదాకా 4 అంగుళాల లోపు కత్తెర క్యాబిన్‌లో ఒప్పుకుంటారు. అది నమ్ముకుంటే హైదరాబాద్‌లోనే ఆపేయొచ్చు, దోహాలో విమానం మారేటప్పుడు మళ్లీ చెకింగ్ ఉంటుంది. కత్తిపీట చెక్-ఇన్‌లోనే పెట్టు.

ఇక కట్టడం. ఇదే అసలు పని. పాత సైకిల్ ట్యూబు ముక్క తీసుకుని పొడవునా ఒక పక్క చీల్చు. కత్తి అంచుకి మొదటి నుంచి చివరిదాకా తొడుగు. రబ్బరు వంపుతో పాటు వంగుతుంది, జారదు. ఉలులకి నేను చేసేదీ అదే. ఒట్టి న్యూస్‌పేపర్ చుడితే రెండు కుదుపులకే అంచు బయటికొస్తుంది. ట్యూబు మీద అట్ట పెట్టి సుతిలితో బిగించు. కోరు పళ్లకి విడిగా మందపాటి గుడ్డ చుట్టి, దానిమీద ప్లాస్టిక్ డబ్బా మూత పెట్టి టేపు వెయ్యి. కత్తి మరలతో బిగించినదైతే ఊడదీసి విడిగా కట్టు, మరలు చిన్న కవర్లో వేసి పీటకే అంటించు. సూట్‌కేస్ అంచున కాకుండా చీరల మధ్యలో పెట్టు.

ఎందుకింత అంటే, అమెరికాలో చెక్-ఇన్ పెట్టె మనం లేకుండానే తెరిచి చూస్తారు, చూశామని లోపల కాగితం పెడతారు. ఆ చెయ్యి పెట్టే మనిషికి లోపల ఏముందో తెలీదు. లోడర్లూ అంతే. ఒక మనిషి వేలు తెగకూడదు, నాకు అదే ముఖ్యం. కూరగాయలు కోసే కత్తి, అంచు కట్టి ఉంది అని ఇంగ్లిష్‌లో పెద్దక్షరాలతో రాసి కట్ట పైనే అంటించు. అమ్మ పర్సులో కూడా ఒక కాపీ ఉంచు, ఎవరైనా అడిగితే చూపిస్తే చాలు. పీట బాగా కడిగి ఎండబెట్టు. మట్టి గానీ, చెక్కలో పురుగు రంధ్రాలు గానీ ఉంటే కస్టమ్స్‌లో ఇబ్బంది.

హనుమకొండ_ఎలక్ట్రీషియన్:
అన్నా, నేను మస్కట్ పోతున్న. బ్యాటరీ డ్రిల్ కూడా చెక్-ఇన్‌లనే పెట్టాల్నా?

జగిత్యాల_వడ్రంగి:
మిషన్, బిట్లు చెక్-ఇన్‌లో పెట్టు. బ్యాటరీ ఊడదీసి చేతి సంచిలో పెట్టుకో. విడి లిథియం బ్యాటరీ చెక్-ఇన్‌లో ఉండకూడదు, కార్గోలో అంటుకుంటే ఆర్పే మనిషి ఉండడు. వోల్టులని ఆంపియర్-అవర్‌తో గుణించు. 18 వోల్టులు, 5 ఆంపియర్-అవర్ అయితే 90 వాట్-అవర్లు, 100 లోపే కాబట్టి పర్లేదు. 100 దాటి 160 దాకా అయితే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి. టెర్మినళ్ల మీద టేపు వెయ్యి.

తెనాలి_తమ్ముడు:
థాంక్స్ అన్నా, అమ్మకి చదివి వినిపించా, చాలా సంతోషపడింది. ట్యూబు స్కూటర్‌ది అయితే?

జగిత్యాల_వడ్రంగి:
అది మందం, వంపు దగ్గర లేస్తుంది. సైకిల్ షాపులో అడుగు, పంక్చర్లు పడి తీసేసిన ట్యూబులు ఉంటాయి. కత్తి పొడవు కంటే బెత్తెడు ఎక్కువ కోసి, మొన మీదకి మడిచి కట్టు.