నల్లని జుట్టును ఇంటి చిట్కాలతో తేనె రంగులోకి తేవడం సాధ్యమేనా?

ప్రశ్న: మహేంద్రతనయ, పర్లాకిమిడి

అందరికీ నమస్కారం. వచ్చే వైశాఖంలో మా అన్నయ్య పెళ్ళి బరంపురంలో జరగబోతున్నది. నా జుట్టు నడుము దాకా ఉంటుంది, మంచి నలుపు. ఇంతవరకు కొబ్బరినూనె, కుంకుడుకాయ తప్ప దానికి వేరే ఏదీ వాడలేదు. పెళ్ళినాటికి జడలో కింది సగమైనా తేనె రంగులోకి తెచ్చుకోవాలని నాకు ఎంతో కోరికగా ఉంది. పార్లరులో బ్లీచు చేయించుకుంటానంటే మా అమ్మ ససేమిరా ఒప్పుకోవడం లేదు. ఇంట్లో దొరికే వస్తువులతో చేసుకుంటే మాత్రం అభ్యంతరం లేదన్నది.

వీడియోలలో చెబుతున్న చిట్కాలు చాలానే ఉన్నాయి. నిమ్మరసం పట్టించి ఎండలో కూర్చోమని కొందరు, తేనెలో దాల్చినచెక్క పొడి కలిపి రాత్రంతా ఉంచుకోమని మరికొందరు చెబుతున్నారు. కామోమిల్ అనే పువ్వుతో కాచే టీ, వంటసోడా, మందుల దుకాణంలో అమ్మే హైడ్రోజన్ పెరాక్సైడు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. మా వైపు సంతలో కొండవాళ్ళు తెచ్చే అసలైన తేనె దొరుకుతుంది కనుక దానితో మొదలుపెడదామని అనుకుంటున్నాను. వీటిలో నిజంగా పనిచేసేది ఏది?

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. మా అక్క కూతురికి మూడేళ్ళు. ఏమీ రాయకుండానే ఈ మధ్య దాని జుట్టు రాగి రంగులోకి తిరిగింది, చూసినవాళ్ళందరూ ముచ్చటపడుతున్నారు. ఒకే ఇంటివాళ్ళం కదా, కాస్త ప్రయత్నిస్తే నాకు మాత్రం ఎందుకు రాదు అన్న ఆలోచన అక్కడే మొదలైంది.

సమాధానం: రాయగడ మాస్టారు

అమ్మా, నేను ప్లస్ టూ పిల్లలకు రసాయనశాస్త్రం చెబుతాను కాబట్టి ఆ వైపు నుంచే సమాధానం ఇస్తాను. మీరు రాసిన చిట్కాలలో ఏదీ నడుము దాకా ఉన్న నల్లని జుట్టును తేనె రంగులోకి తీసుకురాలేదు. ఎందుకో తెలిస్తే మీరే వాటిని పక్కన పెడతారని నా నమ్మకం.

వెంట్రుక పైన చేప పొలుసుల్లాంటి పొర ఉంటుంది, రంగు దాని లోపలి భాగంలో ఉంటుంది. ఆ రంగునిచ్చే మెలనిన్ రెండు రకాలు. నలుపు, ముదురు గోధుమ రంగులనిచ్చేది యూమెలనిన్, ఎరుపు, పసుపు ఛాయలనిచ్చేది ఫియోమెలనిన్. మన జుట్టులో మొదటిదే అత్యధికం. జుట్టు రంగు తగ్గాలంటే పై పొలుసులను తెరిచి, లోపలి మెలనిన్‌ను ఆక్సీకరణంతో విరగ్గొట్టాలి. బ్లీచులో క్షారం మొదటి పని చేస్తుంది, పెరాక్సైడు రెండవ పని చేస్తుంది. ఈ రెండూ జరగనిదే రంగు కదలదు.

ఇప్పుడు నిమ్మరసం సంగతి చూద్దాం. అది ఆమ్లం, దానికదిగా మెలనిన్‌ను పెద్దగా ఏమీ చేయలేదు. ఆ చిట్కాలో కనిపించే కాస్త మార్పులో పెద్ద వంతు ఎండదే. గోపాలపురం రేవులో మన తెలుగు మత్స్యకారుల పిల్లలను చూసే ఉంటారు, వారి జుట్టు చివర్లు ఎర్రగా, ముట్టుకుంటే పీచులాగా ఉంటాయి. ఏళ్ళ తరబడి ఎండలో, ఉప్పు నీటిలో తిరిగితే వచ్చే రంగు అది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు మెలనిన్‌ను విరగ్గొట్టడంతో ఆగవు, జుట్టుకు బలాన్నిచ్చే కెరాటిన్ బంధాలను కూడా తెంపుతాయి. అంటే ఆ ఎరుపు వచ్చిందంటే జుట్టు దెబ్బతిన్నదనే అర్థం.

నిమ్మరసంతో మరొక ప్రమాదం ఉంది, దీన్ని మాత్రం దయచేసి తేలికగా తీసుకోకండి. నిమ్మజాతి కాయల తొక్కలో, రసంలో ఫ్యూరోకూమరిన్లు అనే పదార్థాలు ఉంటాయి. అవి చర్మం మీద ఉండగా ఎండ తగిలితే చర్మం కాలుతుంది. రసం నుదుటి మీదికి, చెవుల వెనక్కి, మెడ మీదికి కారిన దారి వెంబడే ఒకటి రెండు రోజులలో ఎర్రని చారలు తేలుతాయి, కొందరికి బొబ్బలు కూడా లేస్తాయి. అవి మానిన తర్వాత మిగిలే గోధుమరంగు మచ్చలు పోవడానికి వారాలు, ఒక్కొక్కసారి నెలలు పడుతుంది. పెళ్ళి ముందు పెట్టుకోవలసిన పని కాదిది.

తేనె విషయంలో కొంత నిజం ఉంది. కాచని తేనెలో గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైము ఉంటుంది, తేనెలో నీరు కలిపినప్పుడు అది కొద్ది కొద్దిగా హైడ్రోజన్ పెరాక్సైడును తయారు చేస్తుంది. మీ సంత తేనె కాచనిదైతే ఈ గుణం దానిలో ఉంటుంది, వేడిచేసి సీసాలకెత్తిన తేనెలో చాలావరకు నశిస్తుంది. కానీ అలా పుట్టే పెరాక్సైడు, బ్లీచులో వాడే దానితో పోలిస్తే వందల రెట్లు పలుచన. మెలనిన్ నిండా ఉన్న మన వెంట్రుకకు అది ఏమాత్రం చాలదు. అంత మంచి తేనెను తినడమే మేలు. ఇక దాల్చినచెక్కలోని సిన్నమాల్డిహైడు చర్మాన్ని మండిస్తుంది, రాత్రంతా ఉంచుకుంటే మాడు ఎర్రబడి పొక్కవచ్చు.

కామోమిల్ పువ్వులో పసుపు రంగునిచ్చే పదార్థాలు ఉన్నాయి, అవి లేత రంగు జుట్టు మీద కాస్త బంగారు ఛాయను ఇస్తాయి, నలుపు మీద కనిపించవు. వంటసోడా క్షారం, కడిగినప్పుడల్లా జుట్టును గరుకు చేస్తుంది, రంగును మాత్రం తీయలేదు.

వీటిలో మెలనిన్‌ను నిజంగా విరగ్గొట్టగలిగేది పెరాక్సైడు ఒక్కటే, అందుకే ఎక్కువ ప్రమాదం కూడా దానితోనే. మందుల దుకాణంలో సాధారణంగా 20 వాల్యూముల ద్రావణం ఇస్తారు, అంటే సుమారు 6 శాతం. స్ప్రే సీసాతో కొట్టుకుంటే అది జుట్టంతటా సమానంగా పడదు, రంగు మచ్చలు మచ్చలుగా దిగుతుంది, కళ్ళలో పడితే మరీ ప్రమాదం. మీది బోరు నీరై, దానిలో ఇనుము ఎక్కువగా ఉంటే ఇంకొక చిక్కు ఉంది. వెంట్రుకలకు పట్టిన ఇనుము, రాగి పెరాక్సైడు చర్యను విపరీతంగా పెంచుతాయి, జుట్టు అదుపు లేకుండా దెబ్బతింటుంది. తెల్లని బకెట్టు అడుగున ఎర్రని గార కడుతున్నదేమో ఒకసారి చూడండి.

సమాధానం: బరంపురం పార్లర్

మాస్టారు చెప్పినదంతా నేను రోజూ కళ్ళారా చూస్తున్నదే. మీ అమ్మగారి భయం కూడా సబబైనదే చెల్లీ, కాకపోతే కారణం కొంచెం వేరు. నల్లని జుట్టు బ్లీచులో ఒక్కసారిగా తేనె రంగుకు రాదు. ముందు ఎరుపు కలిసిన గోధుమ, ఆ తర్వాత ఎరుపు, ఆ తర్వాత రాగి, నారింజ, అది కూడా దాటితేనే పసుపు. మీరు కోరుకుంటున్న రంగు నారింజకు అవతల ఉంది. అక్కడికి చేరాలంటే ఒకటికి రెండుసార్లు బ్లీచు చేసి, పైన మళ్ళీ రంగు వేయవలసి వస్తుంది.

పైగా మీరు మార్చాలనుకుంటున్నది జడలో కింది సగాన్ని. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కదా, నడుము దగ్గర ఉన్న కొసల వయసు ఐదారేళ్ళు ఉంటుంది. ఎంత నూనె పెట్టి పెంచుకున్నా అవి మొదళ్ళంత గట్టిగా ఉండవు. వాటికే అంత బ్లీచు పట్టిస్తే పెళ్ళినాటికి దువ్వెనలోకి తెగి వస్తాయి. ఆ తర్వాత కత్తిరించుకోవడం తప్ప దారి ఉండదు.

నా సలహా ఏమిటంటే, సవరం తీసుకోండి. ఇప్పుడు గోధుమ, తేనె, రాగి రంగుల సవరాలు బజారులో దొరుకుతున్నాయి. మీ నల్లని జుట్టుతో పాటు రెండు మూడు రంగు పాయలను కలిపి అల్లితే, జడ పొడవునా ఆ రంగు మెలికలు తిరిగి కనిపిస్తుంది, పట్టుచీర మీద చాలా అందంగా ఉంటుంది. పెళ్ళి అయిన మర్నాడు తీసి పెట్టెలో దాచుకోవచ్చు. పూలజడ వేయాలనుకున్నా సవరం ఎలాగూ అవసరమే. నిజం జుట్టుతో చేసిన సవరమైతే బాగా కలుస్తుంది, ఖరీదు కూడా ఎక్కువే.

మీ సొంత జుట్టులోనే రంగు కావాలంటే గోరింటాకు పెట్టుకోవచ్చు. అది నలుపును తగ్గించదు. దానిలోని లాసోన్ అనే ఎర్రని రంగు వెంట్రుకలోని కెరాటిన్‌కు పట్టుకుని నలుపు మీద పొరలా నిలుస్తుంది. నీడలో నల్లగానే కనిపిస్తుంది, ఎండలోకి వస్తే ఎర్రగా మెరుస్తుంది. అయితే మన ఇళ్ళలో ఇనుప మూకుడులో టీ డికాషన్ పోసి నానబెట్టే అలవాటు ఉంది, అది తెల్లజుట్టును ముదురు రంగు చేయడానికి. ఇనుము తగిలితే గోరింటాకు రంగు నల్లబడుతుంది. ఎరుపు కావాలనుకునేవారు ఇనుము జోలికి వెళ్ళకూడదు.

ఆకుపచ్చని గోరింటాకు పొడి మాత్రమే కొనండి. నల్లగోరింటాకు అని అమ్మే పొట్లాలలో పారాఫినైలిన్‌డైఅమైన్ అనే రసాయనం కలుపుతారు, అది పడనివారికి ముఖం, కనురెప్పలు వాచిపోతాయి. మరికొన్ని పొడులలో లోహ లవణాలు ఉంటాయి, వాటిని వాడిన జుట్టుకు తర్వాత బ్లీచు తగిలితే జుట్టు వేడెక్కి పాడవుతుంది. అందుకే మా దగ్గరకు వచ్చినవారిని ఇంతకుముందు ఏ పొడి వాడారని ముందుగా అడుగుతాం. పొట్లం మీద ఏముందో చదవకుండా కొనకండి.

సమాధానం: గుణుపురం అక్క

పెద్దలిద్దరూ జుట్టు గురించి చెప్పారు, నేను పాప గురించి రాస్తున్నాను. నేను ఆరోగ్య శాఖలో పనిచేస్తున్నాను, మా పరిధిలో కొండ గ్రామాలు ఎక్కువ. ఏమీ రాయకుండా మూడేళ్ళ పిల్ల జుట్టు రాగి రంగులోకి తిరిగిందన్న మాట చదివిన తర్వాత ఊరుకోలేకపోయాను.

అన్ని సందర్భాలలోనూ అది జబ్బు కాదు, ముందుగా ఆ మాట స్పష్టంగా చెబుతున్నాను. ఎండలో బాగా ఆడే పిల్లలకు జుట్టు పై భాగం ఎర్రబడుతుంది. కొందరికి పుట్టుకతోనే లేత రంగు ఉంటుంది. కానీ నల్లగా ఉన్న జుట్టు కొన్ని నెలలలో రంగు తగ్గి, పలుచబడి, మెల్లగా లాగితేనే ఊడి వస్తుంటే, అది మాంసకృత్తులు చాలని పిల్లలలో కనిపించే లక్షణం. ఆ స్థితి ముదిరితే క్వాషియోర్కర్ అంటారు, సిసిలీ విలియమ్స్ అనే వైద్యురాలు ఆఫ్రికాలోని గోల్డ్‌కోస్టులో (నేటి ఘానా) పనిచేస్తూ 1935లో ఆ పేరును వైద్య ప్రపంచానికి తెలియజేశారు. దానిలో పిల్ల బక్కచిక్కి కనిపించకపోవచ్చు. నీరు పట్టడం వల్ల బొద్దుగా కూడా కనిపిస్తుంది, అందుకే ఇంట్లోవాళ్ళు పోల్చుకోలేరు.

మీ అక్కను రెండు పనులు చేయమనండి. పాప రెండు పాదాల పైభాగాన బొటనవేలితో కాసేపు నొక్కి తీస్తే గుంట అలాగే నిలిచిపోతున్నదేమో చూడాలి. ఆ తర్వాత అంగన్‌వాడీకి తీసుకువెళ్ళి చేతి చుట్టుకొలత పట్టీతో కొలిపించాలి. ఆరు నెలలు దాటిన, ఐదేళ్ళలోపు పిల్లలకు 12.5 సెంటీమీటర్ల కంటే తక్కువ ఉంటే జాగ్రత్తపడాలి, 11.5 కంటే తక్కువ ఉన్నా, పాదాలకు వాపు ఉన్నా అదే రోజు ఆసుపత్రిలో చూపించాలి. తిండి సరిగ్గా తింటున్నదా, తరచుగా విరేచనాలు అవుతున్నాయా అన్నది కూడా డాక్టరుకు చెప్పండి.

గోరింటాకు గురించి కూడా ఒక మాట చెప్పాలి. మలేరియా ఎక్కువగా ఉన్న మనలాంటి ప్రాంతాలలో జీ సిక్స్ పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవారు కొందరు ఉంటారు. అలాంటి పిల్లలకు గోరింటాకు రాస్తే ఎర్ర రక్తకణాలు విరిగిపోయి కామెర్లు, రక్తహీనత వచ్చిన సందర్భాలు వైద్య గ్రంథాలలో నమోదై ఉన్నాయి. పెళ్ళి సందడిలో పాపకు, ముఖ్యంగా చంటిపిల్లలకు, ఒళ్ళంతా గోరింటాకు పెట్టకండి.

మహేంద్రతనయ, పర్లాకిమిడి

మీ అందరికీ ఎంతగానో కృతజ్ఞురాలిని. అక్కా, మీరు రాసినది చదివిన వెంటనే మా అక్కకు ఫోను చేశాను. పాదాలకు వాపు లేదన్నది, కానీ జుట్టు మాత్రం దువ్వెనకు బాగా వస్తున్నదట, ఈ మధ్య అన్నం ముద్ద కూడా సరిగ్గా మింగడం లేదట. రేపు ఉదయమే అంగన్‌వాడీకి, అక్కడి నుంచి డాక్టరు దగ్గరకు తీసుకువెళ్తున్నారు.

నా జుట్టు విషయంలో సవరమే తీసుకుంటాను. మా ఇంటి పెరట్లో గోరింట చెట్టు ఉంది కనుక గోరింటాకు కూడా పెట్టుకుంటాను. ఇనుము లేకుండా ఎలా నానబెట్టాలో, ఎంతసేపు ఉంచాలో పార్లరు అక్క చెప్పగలరా?

సమాధానం: బరంపురం పార్లర్

తప్పకుండా చెబుతాను. ఆకును నీడలో ఎండబెట్టి, దంచి, పలుచని బట్టలో జల్లించుకోవాలి. లేకపోతే పుల్లలు జుట్టులో చిక్కుకుని దువ్వేటప్పుడు వెంట్రుకలు తెగుతాయి. ఆ పొడిని స్టీలు గిన్నెలో గానీ పింగాణీ గిన్నెలో గానీ వేసి, గోరువెచ్చని నీళ్ళలో కాస్త నిమ్మరసం కలిపి గట్టి పెరుగులా కలపండి. పులుపు తగిలితే రంగు బాగా దిగుతుంది, ఈ నిమ్మరసంతో ఎండలోకి వెళ్ళవద్దు. మూతపెట్టి కొన్ని గంటలు ఉంచితే ముద్ద పైభాగం గోధుమ రంగుకు తిరుగుతుంది, అప్పుడు పనికి వచ్చినట్టు.

ముందుగా మోచేతి మడతలో కొంచెం రాసి రెండు రోజులు చూడండి. దురద లేకపోతే, మెడ వెనుక లోపలి నుంచి ఒక సన్నని పాయకు పెట్టి, కడిగి, ఎండలో ఎలా కనిపిస్తున్నదో చూసుకోండి. నచ్చితేనే జుట్టంతటికీ పట్టించండి. నూనె లేని శుభ్రమైన జుట్టుకు పెట్టి, రెండు మూడు గంటలు ఉంచి, మంచి నీళ్ళతో మాత్రమే కడగాలి. కుంకుడుకాయ మర్నాటికి వాయిదా వేయండి. మొదట నారింజగా కనిపించినా రెండు రోజులలో ముదురు ఎరుపుకు తిరుగుతుంది, కాబట్టి పెళ్ళికి కనీసం వారం ముందే పెట్టుకోండి. సవరం కొనేటప్పుడు ఆ ఎరుపు ఛాయకు సరిపోయే పాయను ఎంచుకోవడానికి జుట్టు విరబోసుకుని పగటిపూట దుకాణానికి వెళ్ళండి, ట్యూబులైటు వెలుగులో రంగు సరిగ్గా తెలియదు.