రైలింజన్ల షెడ్‌లో ఆస్బెస్టాస్ తాడు చుట్టిన నాన్నకి పరిహారం వస్తుందా? (విశాఖ)

గోపాలపట్నం అమ్మాయి

అందరికీ నమస్కారం. మా నాన్నకి ఈ సంక్రాంతికి 60 నిండాయి. 1991 నుంచి 2025 ఫిబ్రవరి దాకా రైలింజన్ల షెడ్‌లో కాంట్రాక్టు కూలీ. కాంట్రాక్టర్లు మారేవారు గానీ షెడ్ మారలేదు, పని మారలేదు. డీజిల్ ఇంజన్ పొగ గొట్టాలకి వేడి బయటికి రాకుండా తెల్ల తాడు చుడతారు. పాతది గీకి తీసేసి కొత్తది చుట్టడం ఆయన పని. అది ఆస్బెస్టాస్ (వేడిని ఆపే రాతి నార) అని ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఎండిపోయిన తాడు ఉలితో కొడితే గోధుమపిండిలా లేచేదట. ముక్కుకి తువ్వాలు కట్టుకుని చేసేవారు. సాయంత్రం అమ్మ ఆ తువ్వాలు గుమ్మం ముందు దులిపేది. ఎండ పడి ఆ పొడి మెరుస్తుంటే నేను చేతులు చాపి పట్టుకునేదాన్ని. అప్పుడు నాకు ఆరేడేళ్లు.

మూడేళ్ల నుంచి ఆయాసం. ఒక ప్రైవేటు క్లినిక్‌లో కఫం పరీక్ష కూడా చేయకుండా టీబీ అన్నారు, ఆరు నెలలు మందులు మింగించారు. ఏమీ తగ్గలేదు. మెట్లు ఎక్కలేక 2025 ఫిబ్రవరి 10 నుంచి పనికి వెళ్లడం మానేశారు. ఈ మార్చిలో కేజీహెచ్ పెద్దాసుపత్రిలో సీటీ స్కాన్ తీసి ఆస్బెస్టోసిస్ అని రాశారు, అంటే ఆస్బెస్టాస్ పొడి పీల్చి ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బట. ఊపిరితిత్తి పైపొర మీద సున్నం కట్టిన మచ్చలున్నాయట.

చివరి కాంట్రాక్టర్ దగ్గరికి వెళ్తే ‘బీడీలు తాగేవాడివి, అయినా ఈ ఊళ్లో దుమ్ము పీల్చనోడెవడు’ అన్నాడు. తర్వాత మనిషిని పంపి, 40 వేలు ఇస్తాం, స్టాంపు పేపర్ మీద సంతకం పెట్టండి అన్నారు. నాన్న పెట్టేద్దాం అంటున్నారు. తమ్ముడేమో అమెరికాలో రైల్వే వాళ్లకి కోట్లు వస్తున్నాయని యూట్యూబ్ వీడియోలు చూపిస్తున్నాడు. పక్కింటాయన రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కి వెళ్లమన్నారు. ఎవరి మాట వినాలో తెలియట్లేదు. దయచేసి చెప్పండి.

కంచరపాలెం పాత ఫిట్టర్

అమ్మా, ముందు ఆ సంతకం పెట్టనీయకు. ఏం చేసినా అది మాత్రం వద్దు.

నేను 33 ఏళ్లు ఫిట్టర్ పని చేసి రిటైర్ అయ్యాను. ఆ తాడు నాకు బాగా తెలుసు. లోడ్ బాక్స్ మీద, అంటే ఇంజన్‌ని నిలబెట్టి లోడు ఇచ్చి నడిపే పరీక్ష పెట్టిన రోజు షెడ్ అంతా పొగ. ఆ పొగలోనే మీ నాన్నలాంటి వాళ్లు కింద కూచుని తాడు గీకేవారు. మాకు పర్మినెంటు వాళ్లకి ఏడాదికో మెడికల్ ఉండేది. కాంట్రాక్టు వాళ్లకి అదీ లేదు. అది నేను కళ్లారా చూసిన అన్యాయం.

ఇంట్లో వెతుకు తల్లీ. గేటు పాసులు, పీఎఫ్ చీటీలు, బ్యాంకు పాస్‌బుక్కులో జీతం పడిన ఎంట్రీలు, షెడ్‌లో దిగిన ఫోటో ఉన్నా సరే. ఆయనతో పని చేసినవాళ్లలో ఇంకా బతికున్నవాళ్లు ఎవరో అడుగు. ఇద్దరు ముగ్గురు వచ్చి ‘ఈయన తాడు పని చేశాడు’ అని చెప్తే చాలా బలం. మీ నాన్నని కూచోబెట్టి ఏ ఏడు ఏ పని అన్నది ఓపికున్నప్పుడే రాయించు. ఆయాసం మనిషి రేపు ఎలా ఉంటాడో చెప్పలేం.

లేబర్ కేసులు చూసే లాయరు

పై పెద్దాయన చెప్పింది అక్షరాలా నిజం. ఆ కాగితం మీద సంతకం పెట్టించుకున్నా హక్కు పోదు. ఉద్యోగుల పరిహార చట్టం, 1923లో సెక్షన్ 17 అలాంటి ఒప్పందం చెల్లదంటుంది. కానీ పెట్టాక అది చెల్లదని వాదించడానికే ఏడాది గడిచిపోతుంది.

రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్ ప్రయాణికులకి, సరుకులకి. పని వల్ల జబ్బు చేసిన కూలీకి దానితో సంబంధం లేదు. మీరు వెళ్లాల్సింది పరిహార కమిషనర్ దగ్గరికి. మన రాష్ట్రంలో కార్మిక శాఖ అధికారులే ఆ హోదాలో కూచుంటారు. పని చేసిన చోటే కాదు, మీరు ఉంటున్న చోట కూడా కేసు వేయొచ్చు.

ఈ చట్టం మూడో షెడ్యూలులో వృత్తి వల్ల వచ్చే జబ్బుల జాబితా ఉంది. ఆస్బెస్టోసిస్ అందులో ఉంది, ఆస్బెస్టాస్ వల్ల వచ్చే ఊపిరితిత్తుల క్యాన్సరూ ఉంది. యజమాని తప్పు చేశాడని మీరు నిరూపించనక్కర్లేదు. ఆ పని చేశారు, ఆ జబ్బు వచ్చింది, ఈ రెండూ తేలితే చాలు. పని వల్ల కాదని అవతలివాళ్లే నిరూపించుకోవాలి. ఇంజన్ల రిపేరు ఎవరి వ్యాపారమో వాళ్లు కాంట్రాక్టర్‌ని అడ్డం పెట్టుకుని తప్పుకోలేరు. సెక్షన్ 12 ప్రకారం ప్రిన్సిపల్ ఎంప్లాయర్ (పని కాంట్రాక్టుకి ఇచ్చిన అసలు యజమాని) మీదే వేయొచ్చు. వాళ్లు కట్టి, తర్వాత కాంట్రాక్టర్ దగ్గర వసూలు చేసుకుంటారు.

లెక్క ఇలా ఉంటుంది. 2020 జనవరి 3 నోటిఫికేషన్ ప్రకారం నెల జీతం ఎంత ఉన్నా 15,000 వరకే తీసుకుంటారు. అందులో 60 శాతం, అంటే 9,000. దాన్ని వయసు ఫ్యాక్టర్‌తో గుణిస్తారు. పని ఆగిన నాటికి ఆయనకి నిండినవి 59, దానికి ఫ్యాక్టర్ 121.05. పూర్తిగా పని చేయలేని స్థితి అని డాక్టరు రాస్తే 10,89,450 రూపాయలు. 40 శాతం నష్టం అని రాస్తే 4,35,780. అందుకే డాక్టరు ఎంత శాతం రాస్తాడన్నది కీలకం. నెలలోపు ఇవ్వకపోతే 12 శాతం వడ్డీ కూడా అడగండి.

గడువు రెండేళ్లు. జబ్బు వల్ల పనికి వెళ్లడం ఆగిన మొదటి రోజు నుంచి లెక్క, అంటే మీకు 2027 ఫిబ్రవరి దాకా. తగిన కారణం ఉంటే ఆలస్యాన్ని మన్నించొచ్చు, కానీ దాన్ని నమ్ముకుని కూచోకండి. 2025 నవంబర్ 21 నుంచి ఈ చట్టం స్థానంలో సామాజిక భద్రత కోడ్ వచ్చింది. మీ నాన్నగారు ఆగిపోయిన తేదీ అంతకు ముందుది, కాబట్టి పిటిషన్‌లో ఆ తేదీ స్పష్టంగా ఉండాలి.

ఒక్క సంగతి మాత్రం తప్పకుండా చూడండి. ఆయన జీతంలో ఈఎస్ఐ కోసే వారా? కోసి ఉంటే ఈ దారి మూసుకుపోతుంది, ఈఎస్ఐ ద్వారానే శాశ్వత వైకల్యం కింద అడగాలి.

ఫీజు గురించి భయపడొద్దు. లీగల్ సర్వీసెస్ అథారిటీ వాళ్లు ఉచితంగా లాయర్ని ఇస్తారు. పారిశ్రామిక కార్మికుడు అంటే ఆదాయం ఎంతని అడగరు. 15100కి ఫోన్ చేయొచ్చు.

ఒమాహా, అమెరికా నుంచి (మాది అనకాపల్లి)

మీ తమ్ముడి వీడియోల గురించి. ఇక్కడ రైల్వే కార్మికులకి ఎఫ్ఈఎల్ఏ అని 1908 నాటి చట్టం ఉంది. దాని కింద కంపెనీ నిర్లక్ష్యం నిరూపించాలి, జ్యూరీ ముందు కేసు నడుస్తుంది, డబ్బుకి పట్టిక లేదు. అందుకే పెద్ద మొత్తాలు వినిపిస్తాయి. ఓడిపోతే సున్నా. గడువు మూడేళ్లు. 1949లో యూరీ కేసులో ఇక్కడి సుప్రీంకోర్టు చెప్పింది ఏంటంటే, ఇసుక దుమ్ము పీల్చి సిలికోసిస్ వచ్చిన స్టీమ్ ఇంజన్ ఫైర్‌మన్‌కి గడువు జబ్బు బయటపడినప్పటి నుంచే మొదలవుతుంది. దుమ్ము పీల్చిన ప్రతి రోజు నుంచీ విడిగా గడువు మొదలవదు. డీజిల్ పొగ, ఆస్బెస్టాస్ కేసులు ఇక్కడ ఇంకా నడుస్తున్నాయి. కానీ అది అమెరికా రైల్వేలకే. అక్కడి నుంచి ఇక్కడ వేయించి పెడతాం అని ఎవరైనా ఫోన్ చేస్తే డబ్బు ఇవ్వకండి.

గోపాలపట్నం అమ్మాయి

అందరికీ దండాలు. రాత్రి అటక మీద నుంచి బిస్కెట్ల డబ్బా దించాం. అందులో 14 గేటు పాసులు ఉన్నాయి. ఒక దాని మీద 1997 అని రాసి, నాన్న వేలిముద్ర చుట్టూ తెల్లగా ఏదో అంటుకుని ఉంది. అప్పటి పొడేనేమో. ప్లాస్టిక్ కవరులో పెట్టి దాచాను. జీతం చీటీలు నాలుగే దొరికాయి, వాటిలో ఈఎస్ఐ కోత లేదు. ఇంకొక అనుమానం. నాన్న 2006 దాకా బీడీలు తాగారు, అది కేసుకి దెబ్బా?

లేబర్ కేసులు చూసే లాయరు

ఆ మాట వాళ్లు తప్పకుండా లేవదీస్తారు, కానీ బీడీ వల్ల ఆస్బెస్టోసిస్ రాదు. స్కాన్‌లో ఉన్న ఆ సున్నపు మచ్చలు ఆస్బెస్టాస్ తగిలిందనడానికి బలమైన గుర్తు. సీటీ ఫిల్ము, రిపోర్టు, ఊపిరి పరీక్ష మూడూ భద్రం. డాక్టరు గారిని అడిగి ఆయన చేసిన పని, ఎన్నేళ్లు చేశారు అన్నది కూడా ఆస్పత్రి కాగితంలో రాయించండి. ఆ ఒక్క లైను లేక నా చేతిలో రెండు కేసులు చాలా కష్టపడ్డాయి. ఇంకో మాట, 1995 జనవరి 27న సుప్రీంకోర్టు ఆస్బెస్టాస్ పరిశ్రమల్లో కార్మికుల ఆరోగ్య రికార్డులు చేరినప్పటి నుంచి 40 ఏళ్లు, లేదా మానేశాక 15 ఏళ్లు, ఏది ఎక్కువైతే అంతవరకు ఉంచాలని ఆదేశించింది. మా దగ్గర రికార్డు లేదు అన్నప్పుడు మీ తరఫు లాయరు ఆ తీర్పు చూపించాలి.

కంచరపాలెం పాత ఫిట్టర్

సాక్షి కావాలంటే నేను వస్తాను తల్లీ. మీ నాన్న పేరు చెప్పు, ఫోటో పంపు. ఆ తాడు పని చేసిన వాళ్లలో నాకు తెలిసినవాళ్లు ఇంకో ముగ్గురు ఉన్నారు, ఒకాయన మర్రిపాలెంలోనే ఉంటాడు.

గోపాలపట్నం అమ్మాయి

మీరన్నది నాన్నకి చదివి వినిపించాను బాబాయ్. మొదట ఏమీ మాట్లాడలేదు. కాసేపాగి ‘ఆ మర్రిపాలెం వాడు దగ్గుతున్నాడా’ అని అడిగారు. స్టాంపు పేపర్ తిప్పి పంపించేశాం. సోమవారం అమ్మని కూడా ఛాతీ పరీక్షకి తీసుకెళ్తున్నాను.