పోలిక దించుడా, కొత్తదనమా: బొమ్మకు దేన్ని చూసి విలువ కట్టాలె?

ప్రశ్న (నల్లగొండ): ఆబ్‌స్ట్రాక్ట్ బొమ్మ (దేని పోలికా లేకుండ రంగులు, గీతలే ఉండేది) పెడితే "మా చిన్నోడు గూడ గీస్తడు" అంటరు. పోలిక బాగా దించితే "ఫోన్ల ఫొటో ఉండంగ ఇదెందుకు" అంటరు. విమర్శకులు అసలు చూసేది ఏంది? ఇంకోటి, ఆరిన ఆయిల్ రంగు మీద అక్రిలిక్ వేస్తే పెచ్చులు లేస్తది, ఎందుకు?

జవాబు 1 (మహబూబ్‌నగర్): రెండోది ముందు చెప్త. ఆయిల్ రంగు ఆరుడంటే నీళ్లు ఇగురుడు కాదు. అవిసె నూనె గాలిల ఆక్సిజన్ గుంజుకొని గట్టిపడుడు. పైకి ఆరినట్టు కొట్టినా లోపల నెలల తరబడి కదులుతనే ఉంటది. ఆ జిడ్డు మీద నీళ్లతోని కలిపే అక్రిలిక్ పట్టదు. అక్రిలిక్ మీద ఆయిల్ అయితే ఫికర్ లేదు. ఆయిల్ మీద ఆయిల్ వేసినా కింది పొరల టర్పెంటైన్ (రంగును పల్చన చేసేది), పైపొరల నూనె ఎక్కువుండాలె. తిరగేస్తే పైది ముందే బిగుసుకుంటది, కిందిది కదిలినప్పుడు చిట్లుతది.

జవాబు 2 (సూర్యాపేట): విమర్శకుల సంగతికొస్తే ఈ గొడవ పాతదే. లండన్ల ఉన్న చిత్రకారుడు విస్లర్ గీసిన రాత్రి బాణసంచా బొమ్మను జనం మొఖాన రంగు డబ్బా గుమ్మరించినట్టుందని 1877ల విమర్శకుడు రస్కిన్ రాసిండు. విస్లర్ పరువు నష్టం దావా వేసిండు. రెండు రోజుల పనికి 200 గినీలా (అప్పటి ఇంగ్లండ్ పైసలు) అని కోర్టుల అడిగితే, జీవితమంత నేర్చుకున్నదానికి అన్నడు. 1878ల గెలిచిండు, పరిహారం ఒక్క ఫార్థింగ్, అంటే పావు పెన్నీ! ఖర్చులతోని మరుసటేడు దివాలా తీసిండు.

జవాబు 3 (చౌటుప్పల్): పుట్టపాక తేలియా రుమాలు సూడున్రి. నూనె, ఆముదం కాయల బూడిదతో నూలును నానబెట్టి, ముడులు కట్టి, రంగులద్దినంకనే మగ్గమెక్కిస్తరు. ఒక్క ముడి జరిగినా గీత చెదురుతది. అంత పనిని "చేతివృత్తి" అని పక్కకు పెడ్తరు, అది నాకు నచ్చదు. అట్లని కొత్తదనమొక్కటే కాపాడదు. అమెరికా చిత్రకారుడు రాత్కో 1960లల్ల హార్వర్డ్ యూనివర్సిటీకి గీసిన బొమ్మలల్ల వాడిన లిథోల్ ఎరుపు వెలుతురుకు వెలిసిపోయింది, 1979కల్ల వాటిని తీసి లోపల పెట్టాల్సొచ్చింది.

ప్రశ్న అడిగినవారు: మరి 1917ల డూషాంప్ అనే కళాకారుడు మూత్రశాల తొట్టికి సంతకం చేసి ఎగ్జిబిషన్‌కు పంపిండు కద? అండ్ల చేతి పనేది?

జవాబు 2: అండ్ల చేతి పని లేదు, నిజమే. అది ఎంపిక మీద నిలబడ్డది, ఆ ఎంపిక ఒక్కసారికే కొత్త. రంగు చల్లి బొమ్మలేసిన అమెరికా చిత్రకారుడు పొలాక్ తీరు వేరే. చిక్కటి ఎనామిల్ రంగును ఎత్తు నుంచి మెల్లగ పోస్తే తేనె లెక్క చుట్టలు పడ్తది, చెయ్యి వేగంగ కదలాలె, ఎత్తు తక్కువుండాలె. పాత పేపర్ పరిచి, చుట్ట పడకుండ ఐదు గీతలు వరుసగ పొయ్యమనున్రి మీ చిన్నోన్ని.