మూడో రన్నింగ్ బ్యాక్‌గా అనుభవజ్ఞుణ్ణి తీసుకోవడం సబబేనా?

రెండోవరుస:

మాది అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో ఒక జట్టు, పేరు కావాలనే చెప్పడం లేదు. చెబితే చర్చ అభిమానుల మధ్య తగవుగా మారి అసలు విషయం పక్కకు పోతుంది. మా మొదటి రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరుగెత్తే ఆటగాడు) బాగా ఆడుతున్నాడు గానీ, ప్రతి ఆటలోనూ ఇరవైకి పైగా క్యారీలు, అంటే బంతితో పరుగులు, అతని మీదే పడుతున్నాయి. 17 ఆటల సీజన్‌లో ఆ భారాన్ని చివరిదాకా మోయగలడని నాకు నమ్మకం లేదు. రెండో ఆటగాడు ఈ ఏడాదే డ్రాఫ్టులో (కొత్త ఆటగాళ్ల ఎంపికలో) వచ్చాడు. బంతి చేతికిస్తే సందు చూసి దూసుకుపోతాడు, కానీ లైన్‌బ్యాకర్ (ప్రత్యర్థి రక్షణ ఆటగాడు) బ్లిట్జ్‌కు, అంటే పాస్ విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదికి వచ్చినప్పుడు ఎవరిని అడ్డుకోవాలో అతను తేల్చుకునేలోపే మా క్వార్టర్‌బ్యాక్ నేలకు ఒరుగుతున్నాడు. మూడో ఆటగాడు ఇంజర్డ్ రిజర్వ్‌లోకి (గాయపడినవారి జాబితాలోకి) వెళ్లాడు కాబట్టి కనీసం నాలుగు ఆటలు అందుబాటులో ఉండడు.

ప్రస్తుతం ఏ జట్టులోనూ లేనివారిలో ముప్పై దాటిన ఒక రన్నింగ్ బ్యాక్ ఉన్నాడు. ఒకప్పుడు ఒకే సీజన్‌లో వెయ్యి గజాలు దాటినవాడే. అతన్ని తీసుకోవడం తెలివైన పనా, లేక పాత పేరు చూసి మోసపోవడమా? డబ్బు లెక్క తెలిసినవారు అది కూడా వివరిస్తే సంతోషిస్తాను.

క్యాప్‌లెక్క:

డబ్బు సంగతి ముందు చెప్పేస్తాను, ఎందుకంటే అందులో భయపడాల్సింది దాదాపు ఏమీ లేదు. 2025 సీజన్‌లో ఏడు లేదా అంతకన్నా ఎక్కువ సీజన్ల అనుభవం ఉన్న ఆటగాడి కనీస వేతనం 12.55 లక్షల డాలర్లుగా ఉండేది. అయితే ఒక్క ఏడాది ఒప్పందం మీద, కనీస వేతనానికి, స్వల్పమైన బోనస్‌తో తీసుకుంటే, శాలరీ క్యాప్‌లో (జట్టు మొత్తం జీతాలకు ఉన్న పరిమితిలో) అతని పేరిట రెండు సీజన్ల ఆటగాడి కనీస వేతనమే (2025లో 10.3 లక్షల డాలర్లు) లెక్కకు వస్తుంది. చౌకగా దొరికే కుర్రవాళ్ల వల్ల అనుభవజ్ఞులకు చోటు దొరకకుండా పోకూడదని ఆటగాళ్ల సంఘంతో కుదిరిన ఒప్పందంలో ఈ వెసులుబాటు పెట్టారు. సీజన్ మధ్యలో వచ్చినవాడికి మిగిలిన వారాలకు మాత్రమే జీతం ఇస్తారు.

తేదీ మాత్రం చూసుకోవాలి. నాలుగు సీజన్లు పూర్తి చేసుకున్న ఆటగాడు మొదటి వారం ఆట నాటికి జట్టు ప్రధాన జాబితా అయిన 53 మందిలో ఉంటే, తర్వాత తీసేసినా ఆ ఏడాది మిగిలిన జీతాన్ని అడిగే హక్కు అతనికి ఉంటుంది. ఇలాంటివాళ్ల ఒప్పందాలు తరచుగా మొదటి వారం గడిచాకే కుదరడానికి కారణం ఇదే. ఇంతకన్నా తేలికైన దారి ప్రాక్టీస్ స్క్వాడ్, అంటే ఆ 53 మందికి బయట సాధన చేస్తూ ఉండే అదనపు ఆటగాళ్ల బృందం. అందులోని 16 స్థానాల్లో ఆరింటికి అనుభవ పరిమితి లేదు. అక్కడున్న ఆటగాణ్ణి రెగ్యులర్ సీజన్‌లో మూడు ఆటలకు తాత్కాలికంగా పైకి పిలవవచ్చు; నాలుగోసారి కావాలంటే 53 మందిలో చోటు ఇవ్వాల్సిందే. మూడు ఆటలు చూస్తే మనిషి సంగతి తెలిసిపోతుంది.

ముందుబ్లాకింగ్:

మీరు వయసును చూసి సందేహిస్తున్నారు గానీ, నా దృష్టిలో చూడాల్సింది వయసు కాదు. 2021లో బాల్టిమోర్ రేవెన్స్‌కు జరిగింది గుర్తు చేసుకోండి. సీజన్ మొదలుకాకముందే జేకే డాబిన్స్, జస్టిస్ హిల్, గస్ ఎడ్వర్డ్స్ ముగ్గురూ గాయపడి ఏడాది పొడవునా దూరమయ్యారు. ఆ జట్టు గత్యంతరం లేక లెవియాన్ బెల్, డెవోంటా ఫ్రీమన్, లటావియస్ మరీ అనే ముగ్గురు అనుభవజ్ఞులను తెచ్చుకుంది. ఫ్రీమన్ 576 గజాలు, మరీ 501 గజాలు పరుగెత్తారు. ముగ్గురిలోనూ పెద్ద పేరున్న బెల్ మాత్రం 31 క్యారీల్లో 83 గజాలే సాధించి నవంబరులో బయటకు వెళ్లాడు. బెల్, ఫ్రీమన్ ఇద్దరూ 1992లో నెల తేడాతో పుట్టినవాళ్లే. ముగ్గురిలో వయసులో పెద్దవాడు మరీ. కాబట్టి పుట్టిన తేదీ చూసి ఎవరు పనికొస్తారో చెప్పగలిగి ఉండేవాళ్లం కాదు.

అదే ఏడాది టెనెసీ టైటన్స్‌లో డెరిక్ హెన్రీ పాదం విరిగినప్పుడు అందరి కళ్లూ ఏడ్రియన్ పీటర్సన్ మీద పడ్డాయి. పీటర్సన్ మూడు ఆటల్లో 27 క్యారీలకు 82 గజాలు చేశాక అతన్ని విడిచిపెట్టారు. ఆ లోటును పూడ్చినవాడు పెద్దగా ఎవరూ పట్టించుకోని డాంటా ఫోర్‌మన్. 566 గజాలు పరుగెత్తాడు. అతను అంతకుముందు ఏడాది అదే జట్టులో ఉన్నవాడు, ముందు నిలబడి అడ్డుకునే ఆ లైన్ ఎటు కదులుతుందో, ఆ సంకేతాలు ఏమిటో ఎరిగినవాడు. 2024లో కాన్సస్ సిటీ చీఫ్స్‌లో ఐసయా పచేకో కాలు విరిగినప్పుడు కూడా ఇదే జరిగింది: తమ జట్టులోనే ఆట మొదలుపెట్టిన కరీమ్ హంట్‌ను ప్రాక్టీస్ స్క్వాడ్‌లోకి తెచ్చుకున్నారు, 728 గజాలతో ఆ జట్టులో ఎక్కువ పరుగెత్తినవాడు చివరికి అతనే. క్యారీకి సగటు 3.6 గజాలే, కళ్లు చెదిరే అంకె కాదు, కానీ మూడో డౌన్‌లో (పది గజాలు ముందుకు పోవడానికి దక్కే నాలుగు ప్రయత్నాల్లో మూడోదానిలో) రెండు గజాలు కావాలంటే తెచ్చేవాడు, అంతకు మించి వాళ్లు అడగలేదు కూడా.

పీటర్సన్‌ను తక్కువ చేయాలని కాదు. 2018లో వాషింగ్టన్ జట్టు అతన్ని ఆగస్టులో తీసుకుంటే, 33 ఏళ్ల వయసులో 1,042 గజాలు పరుగెత్తాడు. అయితే అక్కడ అతను మొదటి రన్నింగ్ బ్యాక్, మీకు కావలసింది మూడోవాడు. మీరు చెప్పినదాన్ని బట్టి మీ జట్టుకు గజాల కొరత లేదు, క్వార్టర్‌బ్యాక్ ముందు నిలబడే మనిషి కొరత ఉంది. బ్లిట్జ్‌ను పసిగట్టి సరైన మనిషికి ఎదురునిలిచే నేర్పు కాళ్ల వేగంతో పాటే పోదు. అందువల్ల ఆ వెయ్యి గజాల సీజన్‌ను మరచిపోయి, గత రెండేళ్లలో మీరు చెప్పిన ఆటగాడు పాస్ ఎత్తుగడల్లో ఎలా అడ్డుకున్నాడో చూడమంటాను.

కిక్‌కవరేజ్:

పైవారి మాటలో చాలావరకు నిజమే గానీ, ఒక అడ్డంకిని దాటేశారు. ఆట రోజు బరిలోకి దిగగలిగేది గరిష్ఠంగా 48 మందే. ఆ 48లో మూడో రన్నింగ్ బ్యాక్‌కు చోటు దొరకాలంటే అతను కిక్ కవరేజ్‌లో (తన్నిన బంతిని అందుకున్న ప్రత్యర్థిని ఆపడానికి) పరుగెత్తాలి, పంట్ (బంతిని దూరంగా తన్ని ప్రత్యర్థికి వదిలేయడం) సమయంలో అడ్డుకోవాలి. పన్నెండేళ్లు బంతి పట్టుకుని పరుగెత్తిన మనిషి ఆ పనులు చివరిసారి చేసింది బహుశా కాలేజీలోనే. అంటే అతని కోసం మరొక స్పెషల్ టీమ్స్ (ఈ తన్నే సందర్భాల్లో దిగే బృందం) ఆటగాణ్ణి కూర్చోబెట్టాలి, లేదా అతన్నే కూర్చోబెట్టాలి. లెషాన్ మెకాయ్ వంటి పేరున్న రన్నింగ్ బ్యాక్ కూడా 2019 సీజన్ ముగింపులో చీఫ్స్ సూపర్ బౌల్ గెలిచిన రోజున జాబితాలో లేకుండా చూస్తూ కూర్చున్నాడు. నేనైతే ప్రాక్టీస్ స్క్వాడ్‌లోని కుర్రవాడికే ఆ చోటిచ్చి, బ్లిట్జ్ పాఠాలు రెండో ఆటగాడికి రోజూ అరగంట ఎక్కువ చెప్పిస్తాను.

రెండోవరుస:

క్యాప్‌లెక్క గారికి, మిగతా ఇద్దరికీ కృతజ్ఞతలు. స్పెషల్ టీమ్స్ కోణం నాకు తట్టనే లేదు. కానీ ముందుబ్లాకింగ్ గారూ, జట్టు తెలిసినవాడైతే చాలంటే, 2019 డిసెంబరులో సియాటిల్ జట్టు తన పాత రన్నింగ్ బ్యాక్ మార్షాన్ లించ్‌ను వెనక్కి పిలిచిన సంగతి మీ వాదనకు అనుకూలమా, ప్రతికూలమా?

ముందుబ్లాకింగ్:

రెండూ. లించ్ ఆడిన మూడు ఆటల్లో, ప్లేఆఫ్స్‌తో కలిపి, నాలుగు టచ్‌డౌన్లు చేశాడు, అదేమీ చిన్న విషయం కాదు. కానీ అతను వెళ్లిన నాటికీ తిరిగి వచ్చిన నాటికీ మధ్య ఆ జట్టు అఫెన్సివ్ కోఆర్డినేటర్ (దాడి ఎత్తుగడలు వేసే కోచ్) మారిపోయాడు. ఊరు పాతదే, భాష కొత్తది. వచ్చి వారం కూడా తిరగకముందే శాన్ ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్‌తో ఆట, గెలిస్తే డివిజన్‌లో (తమ జట్ల విభాగంలో) మొదటి స్థానం తమది. చివరి క్షణాల్లో బంతి టచ్‌డౌన్‌కు ఒక్క గజం దూరంలోని గీత మీద ఉండగా, లించ్‌ను లోపలికి పంపే మార్పిడిలో గందరగోళం రేగి సమయం దాటిపోయింది, డిలే ఆఫ్ గేమ్ పెనాల్టీతో బంతి ఆరు గజాల దగ్గరికి వెనక్కి వెళ్లింది. 26–21తో ఓడిపోయారు. అతన్ని నెల ముందే తెచ్చుకుని ఉంటే ఆ తడబాటు జరిగేది కాదనుకుంటాను.

కిక్‌కవరేజ్ గారి అభ్యంతరం న్యాయమైనదే. అయితే మీ మూడో ఆటగాడు తిరిగి వచ్చేదాకా నాలుగు ఆటలే అన్నారు కదా. అందులో మూడింటికి ప్రాక్టీస్ స్క్వాడ్ నుంచి పిలిచే వీలుంది. పాస్‌లు ఎక్కువగా వేయాల్సి వచ్చే ఆటలకు పిలవండి, మిగతా వారం కుర్రవాడికి వదిలేయండి.

రెండోవరుస:

ఈ మంగళవారం ఆ అనుభవజ్ఞుణ్ణి ట్రయౌట్‌కు (పరీక్షించి చూడటానికి) పిలిచారని ఇప్పుడే తెలిసింది. ప్యాడ్లు లేకుండా, ఎదురుగా బ్లిట్జ్ లేకుండా జరిగే ట్రయౌట్‌లో పరుగు, క్యాచ్‌లు తప్ప ఏమీ తేలవు. అందుకని గత సీజన్‌లో అతను ఆడిన మూడో డౌన్ పాస్ ఎత్తుగడలన్నీ ఈ రాత్రి కూర్చుని నేనే చూడబోతున్నాను.