అమ్మానాన్నలతో రోమ్‌లో ఒక్క రోజు: వాటికన్ వదలాలా, కలోసియం వదలాలా?

మ్యూనిక్_మావయ్య

అందరికీ నమస్కారం. అమ్మానాన్న మొదటిసారి యూరప్ వచ్చారు, మ్యూనిక్‌లో మా దగ్గరే ఉన్నారు. జూన్ చివర్లో ఇటలీ తిప్పుదామని అనుకున్నాం, కానీ సెలవులు కుదరక రోమ్‌కి ఒక్క రోజే మిగిలింది. ముందు రోజు రాత్రి దిగుతాం, హోటల్ టెర్మినీ స్టేషన్ పక్కనే, మర్నాడు పొద్దున్నే ఫ్లోరెన్స్ రైలు. మొత్తం ఆరుగురం. అమ్మకి మోకాళ్ల నొప్పి, కాసేపు నడిస్తే కాసేపు కూర్చోవాల్సిందే. నాన్న ఎంత దూరమైనా నడుస్తారు గానీ ఆకలేస్తే మాత్రం ఎవరి మాటా వినరు. పిల్లల్లో అమ్మాయికి పన్నెండు, బాబుకి నాలుగు.

నేను వేసిన ప్లాన్ ఇది: పొద్దున వాటికన్ మ్యూజియం, సిస్టీన్ చాపెల్, సెయింట్ పీటర్స్ చర్చి; మధ్యాహ్నం కలోసియం, దాని పక్కనే పాత రోమ్ శిథిలాలున్న ఫోరమ్; సాయంత్రం ట్రెవి ఫౌంటెన్, స్పానిష్ స్టెప్స్. మా ఆవిడ చూసి "ఇది టూరా, ఎన్‌సీసీ క్యాంపా?" అంది. నాన్నకి కలోసియం చూడాలని ఎప్పట్నించో కోరిక. అమ్మ "ఎక్కడికైనా వస్తాను, తొందర పెట్టకండి చాలు" అంటోంది. రోమ్ దాకా వెళ్లి వాటికన్ చూడలేదంటే బాగోదేమోనని నాకు పీకుతోంది. ఏది ఉంచమంటారు, ఏది తీసేయమంటారు? అన్నట్టు అమ్మ గుడ్డు కూడా ముట్టదు, తిండి సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

రైలుబండి

మీ ఆవిడ కరెక్ట్. వాటికన్ మ్యూజియం కొట్టేయండి బ్రదర్, ఇంకో ఆలోచన వద్దు. సిస్టీన్ చాపెల్ ఒక్కటి చూసి వచ్చేద్దాం అంటే కుదరదు, అది చివర్లో వస్తుంది, దానికి ముందు పొడవాటి గ్యాలరీలు దాటాలి, ఆ జనంలో అమ్మగారికి కూర్చునే చోటు వెతకడమే ఒక పని. మైకెలాంజెలో 1508 నుంచి 1512 దాకా బొమ్మలు వేసిన పైకప్పు అది, తల ఎత్తి తీరిగ్గా చూస్తేనే బాగుంటుంది. లోపల ఫొటోలు తీయనివ్వరు, గట్టిగా మాట్లాడనివ్వరు. నాలుగేళ్ల పిల్లాణ్ని పెట్టుకుని అక్కడ నిశ్శబ్దంగా నిలబడటం మీ వల్ల అవుతుందా?

నా మాట విని కలోసియం 8.30 స్లాట్ తీసుకోండి. టెర్మినీ నుంచి మెట్రో బి లైన్‌లో రెండో స్టాప్, బయటికి రాగానే ఎదురుగా కలోసియమే. మీ నాన్నగారి మొహం చూడటానికి మీరు ఓ అడుగు ముందు నడవండి, నేను చెప్పేది అదే. క్రీస్తుశకం 80లో టైటస్ చక్రవర్తి ప్రారంభించిన కట్టడం, ఇన్ని భూకంపాలు తట్టుకుని, రాళ్లు పీక్కుపోయిన వాళ్లనీ తట్టుకుని ఇంకా నిలబడి ఉంది. లోపల మెట్లు నిటారుగా ఉంటాయి. మోకాళ్ల నొప్పి అని సిబ్బందికి చెప్పి లిఫ్ట్ అడగండి, ఉంది.

ఫోరమ్ అదే టికెట్‌లో వస్తుంది కదా అని ఆశపడి లోపలికి దిగకండి. జూన్ ఎండలో అక్కడ నీడ లేదు, కింద పెద్ద పెద్ద ఎగుడుదిగుడు బండలు. కలోసియం నుంచి పియాజ్జా వెనీజియా అనే కూడలి దాకా ఒకే తిన్నటి రోడ్డు, దాని పక్కన నిలబడితే ఫోరమ్ చాలా వరకు పైనుంచే కనిపిస్తుంది. నాన్నగారికి తనివి తీరకపోతే మీరిద్దరూ దిగి రండి, మిగతావాళ్లు ఎక్కడైనా కాఫీ తాగుతారు.

సాయంత్రం_నడక

మ్యూజియం వద్దన్నంత వరకు ఒప్పుకుంటా. కానీ సెయింట్ పీటర్స్ కూడా వద్దంటే నేను ఒప్పుకోను. మ్యూజియానికి, చర్చికి సంబంధం లేదండీ, చర్చిలోకి టికెట్టే లేదు, సెక్యూరిటీ చెకింగ్ ఒక్కటే. పొద్దున 7కి తెరుస్తారు, ఆ టైమ్‌కి వెళ్తే లైన్ దాదాపు ఉండదు, పది గంటలకి వెళ్తే చర్చి ముందున్న పెద్ద ఆవరణ చుట్టూ తిరిగి ఉంటుంది. లోపలికి వెళ్లగానే కుడివైపు మొదటి గదిలో పియెటా అనే పాలరాతి శిల్పం, చనిపోయిన కొడుకుని ఒళ్లో పడుకోబెట్టుకున్న తల్లి. మైకెలాంజెలోకి అప్పటికి పాతికేళ్లు కూడా లేవు. 1972లో ఒకడు సుత్తితో కొట్టాడు, అప్పట్నించీ అద్దం వెనక పెట్టారు. మతంతో పనిలేదు, ఏ అమ్మైనా అక్కడ కాసేపు ఆగుతుంది.

భుజాలు, మోకాళ్లు కనిపించకూడదని రూల్ ఉంది, అమ్మగారు చీరలో వస్తే ఆ టెన్షనే లేదు. మీరు నిక్కర్లో వస్తే మిమ్మల్ని ఆపుతారు. ఏడింటికి చర్చి, తొమ్మిదింటికల్లా బయటికొచ్చి కలోసియం పదకొండు స్లాట్. బుధవారం అయితే వద్దు, ఆ పొద్దున పోప్ జనానికి దర్శనం ఇచ్చే రోజు.

రైలుబండి

ఏడింటికి చర్చిలో ఉండాలంటే ఆరుగురూ ఎన్నింటికి లేవాలి? ముందు రోజు రాత్రి ప్రయాణం చేసి వస్తున్నారు. పైగా పదకొండింటికి కలోసియం అంటే మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టడమే. మీరు మీ ఫ్రెండ్స్‌తో వెళ్లే ప్లాన్ చెబుతున్నారు, అత్తగారూ మనవడూ ఉన్న ప్లాన్ కాదు.

పప్పుచారు_ప్రియ

వాటికన్ గొడవ మీరిద్దరూ తేల్చుకోండి, నేను తిండి గురించి చెప్తా, మా అత్తయ్యగారిది కూడా ఇదే పద్ధతి. రోమ్‌లో శాకాహారం సమస్యే కాదు, శాకాహారంలా కనిపించే వాటితోనే సమస్య. అమాత్రిచానా అని ఎర్రగా టమాటా పాస్తా ఉంటుంది, చూస్తే పాపం అమాయకంగా ఉంటుంది, అందులో పంది మాంసం వేస్తారు. గుమ్మడి పువ్వు బజ్జీల్లాంటివి కనిపిస్తాయి, నోరూరుతుంది, వాటి లోపల చీజ్‌తో పాటు చిన్న ఉప్పుచేప పెడతారు. కార్బొనారాలో గుడ్డూ ఉంటుంది, మాంసమూ ఉంటుంది. అప్పటికప్పుడు చేసిన తాజా పాస్తా అంటే చాలాసార్లు గుడ్డుతో కలిపిన పిండి, ఎండు స్పగెట్టీలో మామూలుగా ఉండదు. "సెన్సా కార్నె, సెన్సా ఊవో" అంటే మాంసం లేకుండా, గుడ్డు లేకుండా. ఈ రెండు ముక్కలూ ఫోన్లో రాసిపెట్టుకోండి.

మీకు హాయిగా ఉండేది పిజ్జా అల్ తాల్యో కొట్లు. పెద్ద రేకు పళ్లాల్లో దీర్ఘచతురస్రంగా పిజ్జా పెట్టి ఉంటుంది, ఎంత కావాలో వేళ్లతో చూపిస్తే కత్తెరతో కచకచా కోసి, తూకం వేసి, వేడి చేసి కాగితంలో పెట్టిస్తారు. బంగాళాదుంప పలకలు పరిచినది ఒకటుంటుంది, మా అత్తయ్యగారు దానికి పడిపోయారు. చీజ్ కూడా వద్దనుకుంటే మరినారా అడగండి, టమాటా, వెల్లుల్లి, ఆకు పొడి, అంతే. నాన్నగారి ఆకలికి ఇదే మందు, ఎందుకంటే అసలు రెస్టారెంట్లు రాత్రి భోజనానికి ఏడు, ఏడున్నర దాకా వంట మొదలుపెట్టవు. రెస్టారెంట్‌లో కూర్చుంటే బిల్లులో బ్రెడ్‌కనో సర్వీస్‌కనో కొంత వేయొచ్చు, మెనూలో రాసి ఉంటే అది మోసం కాదు. కాఫీ మాత్రం కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఒక రేటు, కుర్చీలో కూర్చుంటే చాలాచోట్ల ఇంకో రేటు. అమ్మగారి మోకాళ్ల కోసం ఆ తేడా కట్టేయండి.

మ్యూనిక్_మావయ్య

అందరికీ థాంక్స్. రైలుబండి గారు, మీరు అత్తగారు అన్నది మా ఆవిడకి చదివి వినిపించాను, మీకు ఒక ఓటు వేసింది. సాయంత్రం_నడక గారూ, మీరు చెప్పింది వింటే చర్చి చూడాలనే ఉంది. మేం రోమ్‌లో ఉండేది జూన్ 29, బుధవారం కాదు, కాబట్టి పర్లేదు కదా? ఇంకొకటి, బాబుకి స్ట్రోలర్ తేవాలా వద్దా?

సాయంత్రం_నడక

29నా! ఆ మాట ముందే చెప్పాల్సింది. అది సెయింట్ పీటర్, సెయింట్ పాల్ పండుగ, వాళ్లిద్దరూ రోమ్ నగరానికి రక్షక దేవతల్లాంటి వాళ్లు, ఊరంతా సెలవు. వాటికన్ మ్యూజియం ఆ రోజు మూసేస్తారు. చర్చిలో పొద్దున పోప్ పెద్ద పూజ చేస్తారు, మామూలు సందర్శకులకి అప్పుడు కుదరదు. సరే, రైలుబండి గెలిచాడు, క్యాలెండర్ పుణ్యమా అని.

అయినా గోపురం చూడకుండా మిమ్మల్ని పంపను. పియాజ్జా నవోనా అని ఫౌంటెన్లున్న పెద్ద ఆవరణ ఉంది, అక్కణ్ణించి నది వైపు కొద్ది నిమిషాలు నడిస్తే ఉంబెర్తో వంతెన వస్తుంది. దాని మీద నిలబడితే టైబర్ నది, దేవదూతల బొమ్మలున్న ఇంకో వంతెన, వెనకాల సెయింట్ పీటర్స్ గోపురం. ఆ రోజుల్లో పొద్దు కూకేది రాత్రి తొమ్మిదికి కాస్త ముందు. భోజనానికి ముందో తర్వాతో వెళ్లండి.

నవోనాలో మధ్యనున్న పెద్ద ఫౌంటెన్ చుట్టూ తప్పకుండా తిరగండి. బెర్నీనీ అనే శిల్పి 1651లో పూర్తి చేశాడు, నాలుగు నదులకి నాలుగు విగ్రహాలు, వాటిలో ఒకటి మన గంగ. గంగమ్మ కాదు, గడ్డమున్న మగాయన, చేతిలో పొడుగాటి తెడ్డు! మీ అమ్మాయిని కనిపెట్టమనండి, అమ్మగారు ఏమంటారో ఇక్కడ రాయండి.

చక్రాలబండి

స్ట్రోలర్ గురించి అడిగారు కాబట్టి చెప్తున్నా. పాత ఊరి వీధుల నిండా సాంపియెత్రీని అనే నల్లరాళ్లే, చిన్న చక్రాల స్ట్రోలర్ ఆ సందుల్లో ఇరుక్కుని పిల్లాడి పళ్లు కదిలేలా ఊగుతుంది. పెద్ద చక్రాలది ఉంటేనే తీసుకెళ్లండి, లేకపోతే ఎత్తుకునే క్యారియర్ మేలు. అమ్మగారికి కూడా చెప్పులు కాదు, మెత్తటి బూట్లే. చీర మీద బూట్లా అంటారు, వినకండి.

కలోసియం టికెట్ల మీద పేర్లు ఉంటాయి, అందరి పాస్‌పోర్టులూ పట్టుకెళ్లండి. పెద్దలకి 18 యూరోలు, 18 ఏళ్ల లోపు పిల్లలకి ఉచితమే గానీ వాళ్లకీ జీరో టికెట్ బుక్ చేయాలి, చాలామంది మర్చిపోయేది ఇదే. మెట్రో మనిషికి 1.50 యూరోలు, బాబుకి అక్కర్లేదు. గేటు దగ్గర బ్యాంకు కార్డు ఆనిస్తే చాలు, అయితే ఒక్కొక్కరికి ఒక్కో కార్డు ఉండాలి, ఒకే కార్డుతో అందర్నీ లోపలికి పంపడం కుదరదు. టెర్మినీ దగ్గర, మెట్రోలో ఫోన్ వెనక జేబులో పెట్టుకోకండి, చేతికి తాడు కట్టబోయేవాళ్లకి చెయ్యి ఇవ్వకండి.

మధ్యాహ్నం ఎండ ముదిరాక టాక్సీలో పాంథియన్‌కి వెళ్లిపోండి, అది పాత రోమన్ల గుడి, ఇప్పుడు చర్చి. ఆరుగురు ఒక మామూలు టాక్సీలో పట్టరు, స్టాండ్‌లో రెండు ఎక్కండి. లోపల నేల చదును, మెట్ల బాధ లేదు, కూర్చోడానికి బల్లలున్నాయి. 43 మీటర్ల గోపురం, ఇనుము లేని ఒట్టి కాంక్రీటు, నడిమధ్యన ఆకాశం కనిపించే కన్నం. వాన పడితే నేరుగా లోపలికే పడుతుంది, పోవడానికి నేలకి చిన్న చిన్న రంధ్రాలు. టికెట్ 5 యూరోలు, పిల్లలకి ఉచితం. అక్కణ్ణించి నవోనా పక్కనే, ట్రెవి పది నిమిషాలు. స్పానిష్ స్టెప్స్ తీసేయండి, అక్కడ మెట్ల మీద కూర్చుంటే 2019 నుంచి ఫైన్, మీ అమ్మగారికి అది శిక్షే.

నీళ్ల సీసాలు కొనకండి. వీధుల్లో ఇనప కుళాయిలు ఎప్పుడూ కారుతూ ఉంటాయి, మంచినీళ్లే, చల్లగా ఉంటాయి. కింద ముక్కుకి వేలు అడ్డం పెడితే పైనున్న చిన్న చిల్లులోంచి ఫౌంటెన్‌లా ఎగురుతుంది. మీ బాబుకి అది ఒక్కసారి చూపించారంటే ఇక ప్రతి కుళాయి దగ్గరా ఆగాల్సిందే, అమ్మగారికి కూర్చునే టైమ్ కూడా దొరుకుతుంది.

మ్యూనిక్_మావయ్య

కలోసియం 8.30, ఫోరమ్ నాన్నా నేనూ, తర్వాత పాంథియన్, నవోనా, గోపురం కనిపించే వంతెన, చివర్లో ట్రెవి. మా ఆవిడ ఓకే చేసింది. టికెట్లు ఎన్నాళ్ల ముందు తీయాలి?

రైలుబండి

అధికారిక సైట్‌లో సుమారు నెల ముందు వదులుతారు, పొద్దుటి స్లాట్లు త్వరగా అయిపోతాయి. అలారం పెట్టుకోండి, ఆరు పేర్లూ పాస్‌పోర్టులో ఉన్నట్టే రాసి పక్కన పెట్టుకోండి, టైప్ చేస్తూ కూర్చుంటే స్లాట్ పోతుంది.