కానుగ నూనె డీజిల్: యాసిడ్ దశ పెట్టాలా, గింజ దగ్గరే సరిచేసుకోవాలా?

కళ్యాణదుర్గం రైతు:
మా రైతు సంఘం డ్రమ్ములో కానుగ నూనెతో బయోడీజిల్ చేస్తోంది. రెండు తడవలు బాగా వచ్చింది. మూడో తడవ అంతా సబ్బు ముద్ద, గ్లిజరిన్ కిందికి దిగనేలేదు. లీటరు నూనెకు 250 మిల్లీలీటర్ల మిథనాల్, 9 గ్రాముల పొటాషియం హైడ్రాక్సైడ్, 60 డిగ్రీల వేడి, గంటన్నర కలపడం. ఏదీ మార్చలేదు. ముందు సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో ఒక దశ పెట్టమంటున్నారు, నాకు మనసొప్పడం లేదు.

ఆదోని కెమిస్ట్రీ మాస్టారు:
మీ కొలతలు తప్పు కాదండీ, నూనె మారింది. అందులో విడి కొవ్వు ఆమ్లాలు 5 శాతం ఉన్నాయనుకోండి, లీటరులో దాదాపు 46 గ్రాములు. వాటిని సబ్బు చేయడానికే మీ 9 గ్రాముల క్షారం అయిపోతుంది. ఇక డీజిల్‌కు ఏం మిగిలింది? క్షారం పెంచినా ఆ 46 గ్రాములు సబ్బుగానే పోతాయి. 2 శాతం దాటితే యాసిడ్ దశ తప్పదు. అప్పుడు ఆ ఆమ్లాలు కూడా డీజిల్‌గానే మారతాయి. ఆ దశలో పుట్టే నీళ్లు మాత్రం తీసేయాలి.

పులివెందుల ఎక్స్‌పెల్లర్:
మాస్టారూ, లెక్క సరే. పిల్లలు తిరిగే చోట సల్ఫ్యూరిక్ యాసిడ్ క్యాన్లు పెట్టమంటారా? మిథనాల్ విషమని ఇప్పటికే భయపడతాండాం. నేను మిల్లు నడుపుతా. వేసవిలో ఏరి ఆరబెట్టిన గింజకూ, వానకు తడిసి ప్లాస్టిక్ సంచిలో ఉక్కిపోయిన గింజకూ వాసనలోనే తేడా తెలుస్తాది. తడి తగిలితే గింజలోని ఎంజైమే నూనెను విరగ్గొట్టి ఆమ్లం చేస్తాది. అన్నా, మూడో తడవ గింజ ఎప్పటిది?

కళ్యాణదుర్గం రైతు:
జూలైలో కొన్నాం. సంచులు తడిసినాయి.

ఉరవకొండ:
అసలు గింజ యాడుంది? లీటరు నూనెకు ఇంచుమించు 4 కిలోలు కావాల. ఏరే కూలి, ఒలిచే కూలి ఎవరిస్తారు? 2017కల్లా డీజిల్‌లో 20 శాతం బయోడీజిల్ కలుపుతామని 2009 జాతీయ జీవ ఇంధన విధానంలో రాసినారు. ఆ మాట నమ్మి మా నాయన 3 ఎకరాల్లో జట్రోఫా, అదే బయోడీజిల్ గింజల చెట్టు, పెట్టినాడు. కొంటామన్నవాళ్లు మళ్లీ కనపడలేదు. 2018లో ఆ లక్ష్యాన్ని 2030కి 5 శాతం అని మార్చినారు. అప్పటికే మేం చెట్లు పీకేసి శనక్కాయ వేసుకున్నాం.

పులివెందుల ఎక్స్‌పెల్లర్:
నీ బాధ అర్థమైంది తమ్ముడూ. జట్రోఫాకు చేను ఇడిచిపెట్టాల్సి వచ్చింది. కానుగ రోడ్డు పక్కన, గట్ల మీద ముందునుంచే ఉంది. నూనె తీసినాక మిగిలే చెక్క ఎరువుగా అమ్ముడుపోతాది, కూలిలో కొంత అక్కడే వస్తాది.

ఆదోని కెమిస్ట్రీ మాస్టారు:
గింజ ఆరబెట్టడమే ముందు, ఒప్పుకుంటాను. కానీ వాసన నమ్మి డ్రమ్ములో పోయకండి. కొంచెం నూనె ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కలిపి, రంగు చూపే ఫినాఫ్తలీన్ చుక్కలు వేసి, బ్యూరెట్ అనే కొలత గొట్టంతో రంగు మారేదాకా క్షార ద్రావణం చుక్కచుక్కగా పోసి ఆమ్లం ఎంతుందో పరీక్షించండి, ఐదు నిమిషాల పని. 2 శాతం లోపు నూనె నేరుగా డీజిల్‌కు. పైబడినదాన్ని సబ్బులవాళ్లకు అమ్ముకోవచ్చు. వానలు ముందే వచ్చిన ఏడాది సగం సంచులు అలాగే తేలితే ఏం చేస్తారో మాత్రం ఇప్పుడే ఆలోచించండి. యాసిడ్ దశను నేను వదులుకోను.

కళ్యాణదుర్గం రైతు:
ఇంకా 6 సంచులున్నాయి సార్. ఒక్కో సంచి నుంచి కొంచెం ఆడించి, దేనికదే పరీక్ష చేసి, లెక్కలు ఇక్కడే పెడతా. అప్పటిదాకా యాసిడ్ తెప్పించం.